తొమ్మిదుల తోడల్లుడు

తోడల్లుడనే చుట్టరికం పోలికల కోసమే పుట్టింది. అన్నదమ్ములు తగువుపడితే తల్లి సర్దిచెబుతుంది. బావా బావమరుదులకి వేళాకోళమాడుకునే హక్కుంది. తోడల్లుళ్ళ మధ్య ఉండేది అత్తగారొక్కరే. మా అత్తగారి మొగ్గు మొదటినుంచీ పెద్దల్లుడి వైపే. ఆయన ఉద్యోగం చూసి కాదు, ఆస్తి చూసి అంతకన్నా కాదు. విమానం టికెట్లు చూసి.

“పెద్దల్లుడుగారు ఢిల్లీ వెళ్ళొచ్చార్ట, పద్దెనిమిది వందల తొంభైతొమ్మిదికి. అదే ఢిల్లీకి మీరు ఆరువేలు పోశార్టగా బాబూ?” అని ఆవిడ అడిగేది సరిగ్గా నా నోట్లో ముద్ద ఉన్నప్పుడే. నేను మింగేలోపు పెద్దల్లుడుగారు నవ్వి, “పోనీండి అత్తయ్యగారూ, తమ్ముడికి తీరికుండదు” అని నన్ను కాపాడతారు. ఆయన కాపాడినప్పుడల్లా నా పరువు ఇంకాస్త పోతుంది.

ఆయన విద్యుత్ శాఖలో లెక్కలు చూసి రిటైరయ్యారు. ఊళ్ళో వాళ్ళ కరెంటు బిల్లులో పైసా తేడా వస్తే పట్టుకునే మనిషి. అలాంటాయన నోట విమానం ధర వస్తే మాత్రం చివర తొమ్మిదులు తప్పవు. మా పిల్లలు ఫోన్లో ఆయన నంబరుని ‘తొమ్మిదుల పెదనాన్న’ అని దాచుకున్నారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. బిరుదనుకుంటున్నారు.

ఈ జబ్బు ఆయనకి ఎప్పుడంటుకుందో చెప్పగలను. కెప్టెన్ గోపీనాథ్ 2003లో బెంగళూరు నుంచి ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి, ఆర్కే లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మని గుర్తుగా పెట్టుకుని, మామూలు మనిషి కూడా విమానమెక్కాలన్నారు. ‘ఆకాశం నీ హద్దురా’ చూసిన కుర్రాళ్ళకి ఆ కథ కొంత తెలుసు. ఆ రోజుల్లో వాళ్ళు రూపాయి టికెట్లు కూడా పెట్టారు. బేగంపేట మీదుగా ఎగిరే విమానాలని ఆఫీసు మేడ మీంచి లెక్కపెట్టే మా తోడల్లుడికి ఆ రూపాయి టికెట్ దొరకలేదు. ఎన్ని దొరికినా ఆ దొరకనిదే ఆయన్ని ఇప్పటిదాకా పరిగెత్తిస్తోంది. ఆ రూపాయి మీద పన్నులూ రుసుములూ వేరే ఉండేవి కదా అన్నయ్యగారూ అంటే, “మూల ధర రూపాయే కదా!” అంటారు.

ఆ ‘మూల ధర’ దగ్గరే ఉంది మనిషంతా. ప్రకటన చూడండి. సగం పేజీ నిండా ధర, ముందు కనీకనపడని ‘నుంచి’, పక్కన ఓ చుక్క గుర్తు. ఆ గుర్తు వెంట పేజీ అడుక్కి దిగితే చీమతలంత అక్షరాలు. ఒకవైపు ప్రయాణానికే. కొన్ని ఊళ్ళ మధ్యే. సీట్లు పరిమితం. ఫలానా తేదీల్లోనే. మా తోడల్లుడూ అంతే. హాల్లో కాలు మీద కాలేసుకుని పెద్దక్షరాల్లో ధర చెబుతారు. అడుగున ఉండే చిన్నక్షరాలు మా వదినగారు. ఆవిడ వంటింట్లో, గొంతు తగ్గించి చెబుతారు.

హాల్లో: “ఢిల్లీ, పద్దెనిమిది వందల తొంభైతొమ్మిది!”

వంటింట్లో: “అది వెళ్ళేటప్పటిది. తిరిగొచ్చేటప్పటికి అయిదువేల ఏడొందలైంది.”

హాల్లో: “బెంగళూరు, పద్నాలుగు వందల తొంభైతొమ్మిది!”

వంటింట్లో: “తెల్లారగట్ల నాలుగున్నరకి విమానం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి అర్ధరాత్రి క్యాబ్ పదమూడొందలు. అక్కడ ఆకలేసి రెండు ఇడ్లీ తిన్నాం. ఆ ధర చెబితే అమ్మ బెంగ పెట్టుకుంటుంది.”

ఆ మాటలు హాల్లోకి రావు. అత్తగారు కూర్చునేది హాల్లోనే.

తక్కువ ధరలున్న తేదీలకి మన బతుకులతో సంబంధం ఉండదు. వానాకాలంలో విమానాలు ఖాళీగా తిరుగుతాయి కాబట్టి అప్పుడిస్తారు. అంటే మన ఆషాఢంలో. మనకి పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ ఉండేది వైశాఖంలోనూ శ్రావణంలోనూ. ఈ చిక్కుని మా తోడల్లుడు తనదైన పద్ధతిలో విప్పారు. పెళ్ళికి వెళ్ళరు. ఆషాఢంలో టికెట్ కొని, పెళ్ళికొడుకు ఒక్కడే ఉండగా వెళ్ళి దీవించి వస్తారు. కొత్తకోడలు అప్పుడు పుట్టింట్లో ఉంటుంది.

ఆయన టికెట్ కొనే రాత్రి చూసితీరాలి. పదకొండింటికి కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటారు. ధర మీద నొక్కుతారు. తరువాతి పేజీలో సీటు కావాలా, భోజనం కావాలా, ముందుగా ఎక్కుతారా, సామాను ముందు చేతికివ్వాలా అని అడుగుతుంది. అన్నిటికీ వద్దంటారు. వద్దన్న ప్రతిదాన్నీ పక్కన కాగితం మీద ‘మిగులు’ కింద వేసుకుంటారు. సీటు, భోజనం, లాంజి, సంగీత వాయిద్యాల రవాణా లాంటివాటికి విడిగా డబ్బు తీసుకోవచ్చని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021లో చెప్పింది. “నాకు వీణ రాదు, కాబట్టి ఆ డబ్బు కూడా మిగిలినట్టే” అని అదీ వేశారు. ఆ రాత్రి టికెట్ ఖరీదు కన్నా మిగులు ఎక్కువొచ్చింది.

తరవాత బీమా వస్తుంది. వద్దనాలంటే ‘నేను రక్షణ లేకుండానే వెళ్తాను’ అన్న గడి నొక్కాలి. అక్కడ ఆగిపోతుంది ఆయన రథం. వెనక నుంచి వదినగారు, “ఎక్కబోతూ అదేం మాటండీ, తథాస్తు దేవతలుంటారు, తీసెయ్యండి” అంటారు. బీమా పడుతుంది. చిట్టచివర సౌకర్య రుసుము. మనిషికింత, వెళ్ళడానికొకటి, రావడానికొకటి. “నా ఇంట్లో, నా కుర్చీలో, నా కరెంటుతో, నా వేలితో నేను నొక్కుకుంటే వాళ్ళు చేసిన సౌకర్యమేంటి?” అని అర్ధరాత్రి వీధికంతా వినపడేలా అడుగుతారు. అడిగి, కడతారు. మర్నాడు హాల్లో మొదటి పేజీలో చూసిన ధరే చెబుతారు.

ఆయనకి ఈ మాయ తెలీదనుకునేరు. మనందరికన్నా బాగా తెలుసు. 2023 నవంబరులో కేంద్రం ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలిచ్చి, కొనేవాణ్ణి బోల్తా కొట్టించే పద్ధతులు పదమూడు రకాలని లెక్కగట్టింది. మనం అడగనిది బుట్టలో వేస్తే బాస్కెట్ స్నీకింగ్. ముందొక ధర చూపించి చివర మరొకటి గుంజితే డ్రిప్ ప్రైసింగ్. వద్దన్నందుకు సిగ్గుపడేలా చేస్తే కన్ఫర్మ్ షేమింగ్. దీనికి ఆ మార్గదర్శకాల్లో ఇచ్చిన ఉదాహరణ విమానం టికెట్‌తో అంటగట్టే బీమాయే. ఆ కాగితాలకి లామినేషన్ చేయించి టీవీ పక్కన పెట్టుకున్నారు. వాడుతున్నది మాత్రం ఇంట్లోనే. వదినగారు పాల ప్యాకెట్‌కని పంపి, గుమ్మం దాటాక “కొత్తిమీర కూడా” అంటే, “ఇది డ్రిప్ ప్రైసింగ్” అంటారు. “మాటిమాటికీ అడిగి విసిగించడం కూడా ఆ పదమూడిట్లో ఉంది, నాగింగ్ అని. దాని కింద ముందు మిమ్మల్నే పట్టుకెళ్ళాలి” అని వదినగారు తలుపేసుకుంటారు.

సామాను సంగతి ఇంకో పురాణం. ఆయన జేబులో ఎప్పుడూ కొక్కెం తూకం ఉంటుంది. లోపలికి ఏడు కిలోలు, అడుగున వేసేది పదిహేను. ఎవరింటికెళ్ళినా పెట్టిన స్వీటుని ముందు తూకానికి తగిలిస్తారు. ఆత్రేయపురం పూతరేకులంటే కళ్ళకద్దుకుంటారు, బరువుండవు. కాకినాడ కాజా ఇస్తే మాత్రం, “పాకం ఎందుకమ్మా అంత” అని మొహం మాడ్చుకుంటారు. డీజీసీఏ 2016లో పదిహేను దాటాక ఇరవై కిలోల దాకా కిలోకి వందకి మించి తీసుకోకూడదంటే, ఆయన ఇంట్లో పరవాన్నం వండించారు. మరుసటి ఏడు ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ వారమంతా ఆయన గడ్డం గీసుకోలేదు.

ఇంత విసిగించే మనిషి మీద కోపం నిలవనివ్వడు దేవుడు. మా అమ్మాయి ఇంటర్వ్యూ వాయిదా పడి టికెట్ రద్దు చేసుకుంటే, డబ్బు వెనక్కి రాదని చూసి నేను నీళ్ళొదిలేశాను. ఆయన వదల్లేదు. ఎంత తిరిగిరాని టికెట్టయినా పన్నులూ విమానాశ్రయ రుసుమూ తిరిగివ్వాలన్న నిబంధన పట్టుకుని, ఉత్తరం మీద ఉత్తరం రాసి, వచ్చిన డబ్బు కవర్లో పెట్టి తెచ్చిచ్చారు. పైన ఒక రూపాయి తనే వేశారు, సున్నాతో ముగిస్తే బావుండదని. ఇంకోసారి, పల్లెటూరి ముసలి దంపతులని కౌంటర్లో బోర్డింగ్ పాస్‌కి డబ్బు కట్టమంటుంటే అడ్డంపడ్డారు. కౌంటర్లో పాస్ ఇచ్చినందుకు డబ్బు తీసుకోకూడదని 2022 జులైలో విమానయాన శాఖ ఇచ్చిన ఆదేశం ఫోన్లోంచి తీసి చదివారు. కట్టించుకోలేదు వాళ్ళు. ఆ ముసలాయన చేతులు పట్టుకుంటే మా తోడల్లుడి కళ్ళు చెమర్చాయి. తన విమానం పిలుపు వినపడక పరిగెత్తి ఎక్కారు.

ఈ మధ్య అత్తగారినీ మామగారినీ కాశీ తీసుకెళ్దామన్నారు. “టికెట్ల సంగతి నాకొదిలెయ్యండి.” వదిలేశాం. మా చిన్నవాడు కూడా రావాలని పట్టుబట్టారు. వాడి మీద అంత ప్రేమేంటా అనుకున్నాను. పన్నెండేళ్ళలోపు పిల్లలకి, అదే టికెట్ మీద ఉన్న అమ్మానాన్నల్లో ఒకరి పక్కనో, తోడున్న పెద్దవాళ్ళ పక్కనో సీటివ్వాలని 2024లో డీజీసీఏ చెప్పిందట. వాణ్ణి తన టికెట్‌లో కలుపుకున్నారు. మిగిలిన మేమంతా వరసకొకరం చెల్లాచెదురయ్యాం. సీట్లకి డబ్బు కట్టడం ఆయన మతంలో లేదు. 2018లో ఓ సంస్థ వెబ్ చెకిన్‌లో అన్ని సీట్లకీ ధర పెట్టి దేశమంతా తిట్లు తిన్నప్పటి నుంచీ, ఇచ్చింది తీసుకోవడమే ఆయన ప్రతిజ్ఞ. పులిహోర డబ్బా ఇరవయ్యేడో వరసలో వదినగారి ఒళ్ళో ఉంది. మామగారు నాలుగో వరసలో. డబ్బా చేతులు మారుతూ ముందుకెళ్ళింది. మామగారిని చేరేసరికి అందులో కరివేపాకు మిగిలింది. పన్నెండో వరసలో ఎవరో పంజాబీ ఆయన వెనక్కి తిరిగి నమస్కారం పెట్టాడు.

కాశీలో ఇష్టమైనదొకటి వదలాలి కదా. మామగారు వంకాయ వదిలారు. అత్తగారు సీతాఫలం. నేను పొట్లకాయ, దాని మీద నా ఇష్టం ఎంతో అడక్కండి. “మీరు ఆఫర్లు వదిలెయ్యండి” అన్నారు వదినగారు, దశాశ్వమేధ ఘాట్‌లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని, మూడు మునకలేసి, “కిటికీ సీటు వదిలేశాను” అన్నారు.

తిరుగు ప్రయాణంలో కాశీ చెంబులు బరువు తూగాయి. పంచడానికని అత్తగారు బంధువులందరి పేరా కొన్నారు. ఆయన కొన్ని కోటు జేబుల్లో దాచినా, చెంబు ఖరీదు కన్నా దాని ప్రయాణం ఖర్చే ఎక్కువైంది. అయినా చెప్పదగ్గది అది కాదు. ఏ సీటూ కొనకుండా తిరిగిన ఆయనకి, ఎన్నడూ లేనిది, ఆ రోజు దానంతటదే కిటికీ సీటొచ్చింది. హైదరాబాద్ దాకా ముక్కు అద్దానికి ఆనించి కూర్చున్నారు.

కాశీ సమారాధన రోజు హాలు నిండా చుట్టాలు. ఎవరేం వదిలారన్న మాటొచ్చింది. మా చిన్నవాడు ఊరుకోలేదు. “పెదనాన్న కిటికీ సీటు వదిలి, మళ్ళీ అందులోనే కూర్చున్నాడు!” అన్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కంగారుపడలేదు. “గంగలో నేను వదిలింది డబ్బు పెట్టి కొనే కిటికీ సీటు. ఉచితంగా వచ్చింది అందులో రాదు. వాళ్ళంతట వాళ్ళు సీటు మార్చి ఇచ్చినా రాదు. రైలూ, బస్సూ అసలు లెక్కలోకే రావు” అని వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చారు. వంటింటి గుమ్మంలో వదినగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చిన్నక్షరాలు ఆయన హాల్లో, పైకి చదవడం ఆవిడ ఎన్నడూ వినలేదు.