డిగ్రీ అయిన అన్న

చిరాగ్‌పల్లి అంటే 2025 దాకా లారీవాళ్లకు చెక్‌పోస్టు. 65వ నంబరు జాతీయ రహదారి మీద తెలంగాణ అయిపోయి కర్ణాటక మొదలయ్యే చోటు. వేసవిలో డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్ ‘దోస్త్’ దరఖాస్తులు మొదలు కాగానే అక్కడి చాయ్ హోటల్లో ఇంకో రకం తనిఖీ మొదలవుతుంది. ఇంటర్ పాసైన పిల్లలు కనబడితే చాలు, డిగ్రీ అయిన అన్న ఆపేస్తాడు.

“ఏం పెట్టినవ్ తమ్మీ? బీకామా? అయిపోయినవ్ పో!”

అన్న డిగ్రీ అయి ఏడాదే. అయినా “మా జమానాల” అనకుండా మాట మొదలుపెట్టడు. ఆరు సెమిస్టర్ల సారాన్ని అర్ధ చాయ్‌లో తేల్చేస్తాడు. క్లాసులు దండగ, పరీక్షకు ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ చాలు. హాజరు 75 శాతానికి తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టెయ్యాలె. బ్యాక్‌లాగ్ ఉన్నోడికే అనుభవం ఎక్కువ.

ఇది తమ్ముళ్లకు చెప్పే లెక్క. నాయిన పక్కనుంటే లెక్క మారిపోతుంది. “నేను మంచిగనే రాసిన, దిద్దినోళ్లే సక్కగ సూడలే.”

పెళ్లి సంబంధాలవాళ్లు వచ్చిననాడు అన్న ఏకంగా ఉస్మానియాలో చదివినవాడైపోతాడు. అబద్ధమని కొట్టెయ్యలేం, అతని కాలేజీ దాని అనుబంధమే. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు దిగిన ఫొటో కూడా ఫోన్లో ఉంది. వంద కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చుని అంత దూరం పోయింది మాత్రం రీవాల్యుయేషన్ పనికి.

జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగాలంటే మళ్లీ కొత్త లెక్క. బీకాం కంప్యూటర్స్ అని గట్టిగా చెబుతాడు. ఎక్సెల్ తెరవమంటే మాత్రం “మా ల్యాబుల వేరే వర్షన్ ఉండె సార్” అంటాడు.

అన్న ఫిర్యాదులన్నీ ఉత్తవి కావు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2024 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రైవేటు డిగ్రీ కాలేజీలు బంద్ పాటించాయి. సర్కారు నుంచి పైసలు రాకపోతే చాలాచోట్ల సర్టిఫికెట్ల దగ్గర ఇరుక్కునేది పిల్లలే. ఈ ముచ్చట వచ్చినప్పుడు అన్న గొంతులో హాస్యం ఉండదు.

అసలు లెక్క బయటపడేది ఎవరూ లేనప్పుడు, పక్కింటి చెల్లె వచ్చి మెల్లగా అడిగినప్పుడు. “ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి పోయి సూడు చెల్లె. ల్యాబుల కంప్యూటర్లు నడుస్తున్నయా? సబ్జెక్టుకో సారున్నడా? మాకు అకౌంట్స్ సారు మస్తు చెప్పేటోడు. ఆ పేపరు ఒక్కటే నేను గైడు కొనకుండ పాసైన.” ఆ తర్వాత ఫారం కూడా తనే నింపిపెడతాడు. పాపం, ఓటీపీ వచ్చేదాకా కూర్చుంటాడు.

మీ ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లలుంటే ఇలాంటి అన్నను తప్పక అడగనివ్వండి. నలుగురిలో మాత్రం అడగనివ్వకండి.