చేతులు మారిన ఆక్టోపస్

1877లో రష్యా టర్కీ మీద యుద్ధానికి దిగింది. లండన్‌లో ఫ్రెడ్ రోజ్ అనే ఆయన వెంటనే ఐరోపా పటం ఒకటి గీశాడు. బ్రిటన్, జర్మనీ వంటి దేశాలకు మనుషుల రూపాలిచ్చి, రష్యాను మాత్రం పెద్ద ఆక్టోపస్‌ను చేసి కూర్చోబెట్టాడు. క్రిమియా యుద్ధంలో తిన్న దెబ్బ మరిచిపోయి అన్ని దిక్కులకూ చేతులు చాస్తోందని పటంలోనే వ్యాఖ్య కూడా రాశాడు. పోలండ్, టర్కీ, పర్షియా... దొరికినవాణ్ణి దొరికినట్టు చుట్టేస్తోంది. (అదే ఏడాది జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను మన సామ్రాజ్ఞిగా ప్రకటించారు. బ్రిటన్ చేతులు ఐరోపా పటంలో పట్టవు కదా!)

జనానికి బొమ్మ తెగ నచ్చింది. 1904లో రష్యా–జపాన్ యుద్ధం మొదలైన మరుసటి నెలే టోక్యోలో ఒహారా కిసాబురో అనే కేయో విశ్వవిద్యాలయ విద్యార్థి ఆ ఆక్టోపస్‌ను ఆసియాకు లాక్కొచ్చాడు. రష్యాకు ఆ పేరు పెట్టింది ఒక ప్రముఖ ఆంగ్లేయుడేనని మొహమాటం లేకుండా ఒప్పుకున్నాడు కూడా. ఈసారి దాని రంగు నలుపు. ఒక చెయ్యి టిబెట్ దాకా, ఇంకో చెయ్యి పోర్ట్ ఆర్థర్ దాకా పాకింది. అప్పటికే మింగేసిన ఫిన్లండ్, పోలండ్ పుర్రెలై పడి ఉన్నాయి. ఆ పుర్రెల్ని చూస్తే ఎవడికైనా రష్యా మీద ఒళ్ళు మండాల్సిందే.

1905లో జపాన్ గెలిచింది. 1910లో కొరియాను కలిపేసుకుంది. 1942లో డచ్ వారి ఈస్టిండీస్‌ను, అంటే నేటి ఇండోనేషియాను, ఆక్రమించింది.

1944లో ప్రవాసంలో ఉన్న డచ్ ప్రభుత్వం కోసం పాట్ కీలీ అనే ఆంగ్ల చిత్రకారుడు పోస్టరు వేశాడు. పటంలో ఇండీస్ దీవులు, వాటి మీద మళ్ళీ అదే ఆక్టోపస్. ఇప్పుడు దాని ముఖం జపాన్‌ది! కింద డచ్ భాషలో నినాదం: ఇండీస్ విముక్తి కావాలి, అందుకోసం పనిచేయండి, పోరాడండి.

జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించిన రెండు రోజులకే, 1945 ఆగస్టు 17న, ఇండోనేషియన్లు తాము స్వతంత్రులమని చాటారు.

విముక్తి కోసం పోరాడమన్న డచ్ వారు సైన్యంతో తిరిగొచ్చి వాళ్ళతోనే యుద్ధానికి దిగారు. 1949 డిసెంబర్ 27 దాకా వదల్లేదు.