పేపర్‌ని తోక నుంచి చదవండి

పీహెచ్‌డీలో చేరినవాళ్లకి సీనియర్లు ఇప్పుడు చెప్పే కిటుకు ఒక్కటే. పీడీఎఫ్‌ని ఏఐ టూల్‌లో పడేయి, సారాంశం తీసుకో, పనికొస్తుందనిపిస్తే పేపర్ తెరువు. నేను చెప్పేవన్నీ దీనికి అడ్డం తిరిగే సలహాలు. మీ గైడ్‌కి ఇవి చాదస్తంగా అనిపించవచ్చు, సినాప్సిస్ గడువు ముంచుకొస్తుంటే మీకూ విసుగు రావచ్చు. అయినా వినండి. పేపర్ బలమూ బలహీనతా తెలిసేది సారాంశం వదిలేసిన చోటే.

అబ్‌స్ట్రాక్ట్‌ని ఆఖరికి ఉంచుకోండి. ముందు అంకెలు చూడండి. 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96 వేల మంది కోవిడ్ రోగులు. ఆ మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువని తేల్చింది. మూడో రోజుకల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందును తాత్కాలికంగా ఆపేస్తున్నట్లు ప్రకటించింది. అబ్‌స్ట్రాక్ట్ చూస్తే ఎక్కడా వంక పెట్టలేం. గుట్టు బయటపెట్టినవాటిలో ఒకటి ఆస్ట్రేలియా లెక్క. ఏప్రిల్ 21 నాటికి అక్కడి ఐదు ఆసుపత్రుల్లోనే 73 మంది చనిపోయారని పేపర్ చెప్పింది. అదే తేదీకి దేశం మొత్తంలో నమోదైన కోవిడ్ మరణాలు 67. ఐదు ఆసుపత్రుల్లో పోయినవాళ్లు దేశంలో పోయినవాళ్లకంటే ఎక్కువెలా అవుతారు? డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ దాన్ని స్వతంత్ర పరిశీలనకు అప్పగించలేదు. జూన్ 4న పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. సారాంశం తీసే టూల్ ఆ పేపర్ తీర్మానాన్ని మీకు ముత్యాల్లాంటి వాక్యాల్లో అందించేది. 73ని తీసుకెళ్లి 67 పక్కన పెట్టాలన్న అనుమానం మాత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చున్న మనిషికే రావాలి.

రెండో సలహా ఇంకా విడ్డూరంగా ఉంటుంది. సారాంశం అడిగేటప్పుడు ‘తప్పులు లేకుండా కచ్చితంగా రాయి’ అని టూల్‌కి చెప్పి, ఆ మాట మీద భరోసా పెట్టుకోకండి. ఊవె పీటర్స్, బెంజమిన్ చిన్-యీ అనే పరిశోధకులు 10 మోడళ్లు రాసిన 4,900 సారాంశాలను పరిశీలించి 2025లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్‌లో ఫలితాలు ప్రచురించారు. పరిమితమైన ఫలితాన్ని అందరికీ వర్తించేలా సాగదీయడం మనుషులు రాసిన సారాంశాలకంటే వీటిలో దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. కచ్చితంగా రాయమని ప్రత్యేకంగా అడిగినప్పుడు ఈ గుణం తగ్గకపోగా పెరిగింది. ‘ఈ అధ్యయనంలో పాల్గొన్న రోగులకు మందు పనిచేసింది’ అని పేపర్‌లో ఉన్నది సారాంశంలోకి వచ్చేసరికి ‘మందు పనిచేస్తుంది’ అయిపోతుంది. రోగులు మాయం, కాలం మాయం. అందుకే సారాంశంలో ప్రతి క్రియాపదం కింద గీత గీసి, ఎవరికి, ఎంతమందికి, ఎప్పుడు అని పక్కన రాసుకోండి. జవాబు దొరకని గీతలన్నీ పేపర్‌లో వెతకాల్సినవే.

ప్రింట్ తీయండి. కాగితం దండగ అంటారు, అననివ్వండి. పేజీ మన కంటికి కనిపించినట్టే యంత్రానికీ కనిపిస్తుందని నమ్మకం లేదు. ‘వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ’ అనే అర్థంపర్థం లేని మాట ఈమధ్య చాలా పేపర్లలో తేలింది. దాని పుట్టుకకు చెప్పే కారణాల్లో ఒకటి, 1950ల నాటి రెండు కాలమ్‌ల పేజీని స్కాన్ చేసినప్పుడు ఎడమ కాలమ్‌లోని మాట కుడి కాలమ్‌లోని మాటతో అతుక్కుపోవడం. పేజీ చూసిన మనిషి రెండు కాలమ్‌లను కలిపి చదవడు. దీనికి రివర్స్ కూడా ఉంది, కంటికి కనిపించనిది యంత్రానికి కనిపించడం. 2025 జులైలో జపాన్ పత్రిక నిక్కేయ్ ఆర్కైవ్ (arXiv) సైట్‌లోని ప్రీప్రింట్లను వెతికితే, 14 సంస్థలకు చెందిన 17 పేపర్లలో ఏఐకి రహస్య ఆదేశాలు దొరికాయి. మంచి రివ్యూ మాత్రమే ఇవ్వమంటూ తెల్ల అక్షరాల్లోనో, చీమ తలకాయంత సైజులోనో రాసిపెట్టారు. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్-ఏ నొక్కండి. ఖాళీగా కనిపించే తావులో నీలం పట్టీ వెలిగిందంటే అక్కడేదో రాత ఉన్నట్టే.

తక్కువ పేపర్లు చదవండి. లిటరేచర్ రివ్యూలో వంద పేర్లు ఉన్నంత మాత్రాన వైవాలో మార్కులు రాలవు. వాటర్లూ యూనివర్సిటీలో ఉండగా ఎస్. కేశవ్ 2007లో రాసిన చిన్న వ్యాసం ప్రకారం, మొదటి చూపుకి ఐదు నుంచి పది నిమిషాలు చాలు, చాలా పేపర్లను అక్కడే వదిలేయవచ్చు. పూర్తిగా లోపలికి దిగాల్సిన పేపర్‌కి మాత్రం కొత్తవాళ్లకు నాలుగైదు గంటలు పడుతుంది. ఆ గంటలు దాటేయడానికి దారి లేదు, ఏ యాప్‌లోనూ.

చదివాక మీరే తెలుగులో ఐదు వాక్యాలు రాయండి. ఇంగ్లిషులో అయితే అబ్‌స్ట్రాక్ట్ వాక్యాలనే అటూ ఇటూ మార్చి దించేస్తాం, అర్థం కాలేదన్న సంగతి మనకే తెలియదు. తెలుగులో ఆ వేషం సాగదు. టూల్‌ని పిలవాల్సింది అప్పుడు. సారాంశం అడగకండి. మీ ఐదు వాక్యాలూ ఇచ్చి, వీటికి విరుద్ధంగా పేపర్‌లో ఏ పేజీలో ఏ వాక్యం ఉందో చూపించమనండి. చూపించిన వాక్యం ఆ పేజీలో నిజంగా ఉందో లేదో మీ ప్రింట్‌లో వెతకండి. అది చెప్పిన రిఫరెన్సులను డీఓఐ పట్టుకుని ఒక్కొక్కటీ తెరవండి. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే ఉపసంహరించిన పేపర్లను రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఆధారంగా అదే ఎర్రగా చూపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఇదంతా చేయాలంటే పూర్తి పేపర్ దొరకాలి. అసలు పేపర్ చేతికందక అబ్‌స్ట్రాక్ట్‌తో సరిపెట్టుకున్న రోజులు మన యూనివర్సిటీల్లో చాలా ఉండేవి. 2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13 వేల జర్నళ్లు అందుతున్నాయి. మూడేళ్లకు కేటాయించింది 6,000 కోట్ల రూపాయలు, అంతా జనం కట్టిన పన్నుల సొమ్ము. మీ కాలేజీ ఆ జాబితాలో ఉంటే రేపే లైబ్రరీకి వెళ్లి లాగిన్ అడిగి తీసుకోండి.