సగటు మదుపరి

మందుల కంపెనీ వివిమెడ్ ల్యాబ్స్‌కు కార్పొరేట్ ఆఫీసు హబ్సిగూడలో, రిజిస్టర్డ్ ఆఫీసు బీదర్‌లో. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ హబ్సిగూడ. అయినా ఉప్పల్ చిన్న మదుపరికి తన డబ్బు ఆచూకీ మాత్రం అంత దగ్గర్లో దొరకదు.

2008లో కంపెనీ ఇంగ్లండ్‌లోని జేమ్స్ రాబిన్సన్ కంపెనీని, 2011లో స్పెయిన్‌లోని యూక్విఫాను కొన్నప్పుడు మనోడు యూరప్‌లో ఫ్లాటు కొన్నంత సంబరపడ్డాడు. 2015లో స్పెషాలిటీ కెమికల్స్ వ్యాపారంలో కొంత క్లారియంట్‌కు అమ్మినప్పుడూ అంతే సంబరం. కొన్నా శుభవార్తే, అమ్మినా శుభవార్తే! ఆ ముక్క షేరు ధరకే ఎవరూ చెప్పలేదు.

ధర పడిందని మరికొన్ని షేర్లు కొన్నాడు. ఇంకా పడితే, సగటు తగ్గుతుందని ఇంకొన్ని. సగటు తగ్గింది, నిజమే. బ్యాంకు బ్యాలెన్సూ తగ్గింది. లోయర్ సర్క్యూట్ కొట్టిన రోజు అమ్మేవాళ్ల వైపు లక్షల షేర్లు, కొనేవాళ్ల వైపు గుండు సున్నా. బయటపడదామన్నా తలుపు తీసేవాడు లేడు. అడిగితే బ్రోకరు ‘లాంగ్ టర్మ్ సార్’ అంటాడు. అది మదుపరి ఆయుష్షు కంటే లాంగా అన్నది మాత్రం చెప్పడు.

ఒకప్పుడు నాచారం ఫ్యాక్టరీల వైపు నుంచి రాత్రిళ్లు ఘాటు వాసనొస్తే కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ కొట్టిన మనిషి. ఇప్పుడు బాల్కనీలో నిలబడి గుండెల నిండా పీలుస్తున్నాడు.

“ఏంది బావా, ముక్కు మూసుకోవా?”

“ఆగు. సెక్టార్ కోలుకుంటున్నట్టుంది!”