ఆగుబాబాయ్

కొత్త ఫోను కొనే ఆలోచన ఉన్నవాళ్లెవరూ మా అపార్ట్‌మెంట్‌లో ఆ సంగతి పైకి అనరు. లిఫ్టులో అసలే అనరు. పొరపాటున అన్నారా, లిఫ్టు కిందికి దిగేలోపు రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంటుంది. చేతిలో డైరీ, ముక్కు చివర దగ్గరచూపు కళ్లద్దాలు, ఆగుబాబాయ్ బయటికొస్తారు. “ఫోను కొంటున్నావటగా? ఆగు.”

ఆయన అసలు పేరు నేమ్‌ప్లేటు మీద ఇత్తడి అక్షరాల్లో ఉంది గానీ, దాన్నెవరూ చదవరు. సత్యనారాయణపురంలో మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర అడిగినా “ఆగుబాబాయ్‌గారి బిల్డింగేనా?” అని ఎదురడిగి దారి చూపిస్తారు. ఉద్యోగకాలమంతా బీమా ఏజెంటు. “ఇప్పుడే తీసుకోండి, రేపేమవుతుందో ఎవరికి తెలుసు” అని బెజవాడలో సగంమందికి పాలసీలు కట్టబెట్టిన మనిషి. వయసు మీదపడ్డాక ఇప్పుడు అదే నోటితో “ఇప్పుడే తీసుకోకండి, రేపేమొస్తుందో ఎవరికి తెలుసు” అంటున్నారు.

పిసినారి అనుకునేరు. కాదు. మామిడిపళ్లు బుట్టలకొద్దీ కొంటారు, పెళ్లిళ్లకి చదివింపులు ఘనంగా ఇస్తారు. ఒక్క ఫోను దగ్గరే చెయ్యి జేబులోకి వెళ్లదు. ఎందుకు వెళ్లదో తెలియాలంటే ఆయన సంప్రదింపు ఎలా సాగుతుందో చూడాలి.

మూడో అంతస్తులో ఉండే తెలుగు టీచరుగారు రిటైరయ్యారు. ఆవిడకి కావలసింది డాలస్‌లో ఉన్న మనవడితో వీడియో కాలు, వాట్సాప్‌లో శుభోదయాలు, కరెంటు పోయినప్పుడు సీరియల్ మిగతా సగం.

“ఎంతలో అనుకున్నారమ్మా?” అన్నారు బాబాయ్, డైరీ తెరిచి.

“పన్నెండు వేలండీ అన్నయ్యగారూ.”

“భేషుగ్గా వస్తుంది. కాకపోతే ఇంకో పదిహేను వందలు వేసుకుంటే ఏమోలెడ్ తెర ఉన్నది దొరకొచ్చు.”

“అదుంటే ఏమవుతుంది?”

“నలుపు నల్లగా కనపడుతుంది.”

“ఇప్పుడెలా కనపడుతోంది?”

“బూడిదరంగులో.”

టీచరుగారు చేతిలోని పాత ఫోనుని తిప్పి చూసుకున్నారు. అప్పటిదాకా ఆవిడకది నల్లగానే ఉంది. ఇక ఆ రోజు నుంచి లేదు.

“పదమూడున్నర పెట్టేవాళ్లు పదహారు పెట్టలేరా? పెడితే కెమెరాకి ఓఐఎస్ వస్తుంది. చెయ్యి వణికినా ఫోటో చెదరదు.”

“నాకు చెయ్యి వణకదండీ.”

“ఇప్పుడు వణకదమ్మా. ఫోను నాలుగేళ్లు వాడాలిగా.” పాత వృత్తి ఎక్కడికి పోతుంది?

పందొమ్మిది వేల దగ్గర నాలుగు నానోమీటర్ల ప్రాసెసర్ వచ్చి చేరింది. ఇరవై ఆరు దగ్గర, నీళ్లలో మునిగినా ఏమీ కాదనే ఐపీ 68 ముద్ర. “నా ఫోను నీళ్లలో ఎందుకు మునుగుతుందండీ?” అని టీచరుగారు అడిగితే, కృష్ణకి వరదొచ్చిన సంవత్సరాలు ఏకరువు పెట్టారు. అలా మెట్టుమెట్టూ ఎక్కించి ముప్పై ఒకటి మీద నిలబెట్టి, అక్కడ డైరీ మూసేశారు. “ముప్పై ఒకటి తగలేసి ఇది కొనడం తెలివితక్కువ. పోయినేడాది నలభై ఎనిమిదికి అమ్మిన పెద్ద ఫోను దసరా సేల్లో ముప్పై మూడుకి దిగొచ్చు. ఆగండి.”

అది ఉగాది మర్నాడు. ఇంకా పచ్చడి గిన్నెలు కూడా కడగలేదు.

ఇదంతా చదివి ఆయనకేమీ తెలియదనుకుంటే పప్పులో కాలేసినట్టే. చెప్పేవన్నీ నిజాలే. అదే అసలు చిక్కు. 108 మెగాపిక్సెల్ కెమెరా అని పెద్దక్షరాల్లో రాసిన ఫోను మామూలుగా ఫోటో తీసినప్పుడు తొమ్మిదేసి చుక్కల్ని కలిపి ఒక్కటిగా లెక్కగట్టి 12 మెగాపిక్సెళ్ల బొమ్మే చేతికిస్తుందని మా వీధికి మొదట చెప్పింది ఆయనే. మెగాపిక్సెళ్లు కాదు, వెనకున్న సెన్సర్ ఎంత పెద్దదో అడగమంటారు. చవక ఫోన్ల వెనక లెక్క కోసం అతికించే 2 మెగాపిక్సెళ్ల మ్యాక్రో కెమెరా గురించి ఆయన మాట మా బిల్డింగులో సామెతైపోయింది: “అది శివుడి మూడో కన్ను, తెరవకపోవడమే లోకానికి మంచిది.” ‘8 ప్లస్ 8 జీబీ ర్యామ్’ అన్న ప్రకటన చూపిస్తే, రెండో ఎనిమిది స్టోరేజీ దగ్గర చేసిన అప్పు అని ముక్కలో తేల్చేస్తారు. వేలకొద్దీ నిట్స్ వెలుగు అని రాస్తే, ఆ వెలుగు తెరంతటికీ కాదు, ఏ మూలో కాస్త చోట కాసేపేనని చెబుతారు. వడ్డీ లేని వాయిదాలని మురిసిపోతున్నవాడిని కూర్చోబెట్టి, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, బ్యాంకు లోపల్లోపల లెక్కేసుకునే వడ్డీ మీద జీఎస్‌టీ ఎవడు కడతాడో కాగితం మీద రాసి చూపిస్తారు. ఇన్ని మాటలు ఏ షోరూములోనూ ఎవరూ చెప్పరు. ఆయన చెప్పేది విని లేచి వెళ్లిపోతే లాభమే. లేవనివ్వరు.

ఆ డైరీని ఒకసారి చూశాను. ఏదో బ్యాంకువాళ్లు ఇచ్చిన పాత డైరీ. పేజీకో ఫోను. ప్రతి పేజీ నిలువునా గళ్లు గీసి తెర, ప్రాసెసర్, బ్యాటరీ, ఛార్జింగ్ వేగం, ఎన్నేళ్లు అప్‌డేట్లిస్తారు అంటూ ఎర్ర సిరాతో శీర్షికలు. చిట్టచివరి గడి పేరు ‘లోటు’. ఒకదానికి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. ఒకదానికి పెట్టెలో ఛార్జర్ లేదు. ఒకటి వేసవిలో వేడెక్కుతుంది. ఒకటి కావలసినవన్నీ ఉన్నా బరువు 221 గ్రాములు. లోటు గడి ఖాళీగా ఉన్న ఫోన్లు కూడా ఆ డైరీలో లేకపోలేదు. అయితే అవి ఇంకా విడుదల కాలేదు.

ఆయన ఆగడానికి చాలా చరిత్ర ఉంది. 2014లో చైనా ఫోన్లు ఫ్లాష్ సేల్ పేరుతో వచ్చినప్పుడు, ముందుగా పేరు నమోదు చేసుకుని, చెప్పిన గంటకి కంప్యూటర్ ముందు కాసుక్కూర్చోవాలి. సెకన్లలో సరుకు ఖాళీ. ఊళ్లో కుర్రాళ్లంతా తెల్లమొహాలేసుకుని లేస్తే, బాబాయ్‌కి 5,999 రూపాయల రెడ్‌మీ 1 ఎస్ చిక్కింది. కార్టులో పడింది. డబ్బు కట్టే చోట ఆగి, “ర్యామ్ ఒక్క జీబీయేనా?” అని ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచన తెగేలోపు కార్టు ఖాళీ అయింది.

మరుసటి సంవత్సరం, 2015 ఆగస్టులో, శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలో విడుదల చేశారు. ఆ రోజు ఆయన ఆనందం చూడాల్సిందే. తడ పక్కన, మన ఆడపిల్లలు చేత్తో బిగించిన ఫోను అని పేపరు ముక్క పట్టుకుని అంతస్తంతస్తూ తిరిగారు. మరి కొంటారా అంటే, “మనవాళ్లు ఇప్పుడేగా మొదలెట్టింది! కాస్త చెయ్యి తిరగనివ్వండి,” అన్నారు.

ఆయన జీవితంలో స్వర్ణయుగం మాత్రం 2016. ఐదో అంతస్తు కాంట్రాక్టరుగారు శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 కోసం ముందే డబ్బు కట్టారు. బాబాయ్ యథాప్రకారం ఆగమన్నారు. మన దేశంలో అమ్మకం మొదలయ్యే వేళకి, బయటి దేశాల్లో ఆ ఫోన్ల బ్యాటరీలు అంటుకుంటున్నాయని కబురు. ఇక్కడ అమ్మకం వాయిదా పడింది. విమానాల్లో దాన్ని వాడొద్దని ప్రకటనలు వచ్చాయి. అక్టోబరులో కంపెనీ తయారీయే మానేసింది. “నేనేమన్నాను?” అన్నారు బాబాయ్, దసరా పందిట్లో కుర్చీ వేసుక్కూర్చుని. నిజానికి ఆయన బ్యాటరీ ఊసే ఎత్తలేదు. దాని తర్వాతి మోడల్ ఇంకా బావుంటుందని మాత్రమే ఆగమన్నారు. ఆ సంగతి గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాంట్రాక్టరుగారు ఇప్పటికీ ఆయన కనపడితే చెప్పులు విడిచి నమస్కారం పెడతారు.

2020 సంగతి ఆయన మాట్లాడరు. ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 18కి పెంచుతున్నామని మార్చిలో చెప్పారు. ఆగమన్నారని ఆగినవాళ్లు పరుగులు పెట్టబోయేసరికి లాక్‌డౌన్ వచ్చి షాపులే మూసేశారు. తెరిచాక ఆన్‌లైన్ క్లాసుల పిల్లలతో పోటీపడి, పెరిగిన ధరకి, దొరికిన రంగులో తెచ్చుకున్నారు. డైరీలో ఆ వేసవి పేజీలు తెల్లగా ఉన్నాయి.

ఆయన్ని వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లినవాళ్లకి మళ్లీ ఆ గుమ్మం ఎక్కే మొహం ఉండదు. బందరు రోడ్డులో ఒకచోటికి మా మేనల్లుడి కోసం వెళ్లాం. లోపల ఒక్కో కంపెనీ చొక్కా తొడుక్కున్న కుర్రాడు ఒక్కో బల్ల దగ్గర ఉన్నాడు. బాబాయ్ అందరినీ అన్నీ అడిగారు, ఎవరు చెప్పిందీ డైరీలో సరిచూసుకున్నారు, నీలం చొక్కా అబ్బాయి చెప్పిన బ్యాటరీ అంకెని తప్పని రుజువు చేశారు. తర్వాత డెమో ఫోనులో స్టార్ హాష్ సున్నా ఏడు హాష్ నొక్కి, శరీరానికి సోకే రేడియో తరంగాల లెక్క చదివారు. మన దేశంలో ఆ హద్దు కిలోకి 1.6 వాట్లు. ఆ అబ్బాయి ఆ నంబరు ఎన్నడూ కొట్టి ఎరగడు. “సార్, ఇది ఫోన్ హ్యాక్ చేసేదా?” అని భయపడ్డాడు.

అంతటితో వదిలిపెడితే బాగుండేది. “ఏసీ గదిలో వెలుగు చూసి ఏం లాభం? మే నెల ఎండలో చూడాలి,” అంటూ డెమో ఫోను పట్టుకుని గుమ్మం వైపు నడిచారు. దానికో తీగ ఉంటుందని ఆయన గమనించలేదు. తీగ బిగిసి అలారం కొట్టుకుంది. సెక్యూరిటీ గార్డు వచ్చాడు, మేనేజరు వచ్చాడు, కొబ్బరిబోండాల బండి దగ్గరి జనం కూడా వచ్చారు. బాబాయ్ ఒక్కరే నిబ్బరంగా నిలబడి, తెర మీదికి చెయ్యి అడ్డం పెట్టి చూస్తూ, “చూశావా, అక్షరాలు ఆనట్లేదు,” అన్నారు.

మా మేనల్లుడు ఆ సాయంత్రమే ఇంకో షాపుకి ఒక్కడే వెళ్లి కొనేసుకున్నాడు. అందరూ చివరికి చేసేది అదే. కొన్నాక దాచడం ఇంకో కళ. పాత ఫోను పౌచ్‌లోకి కొత్త ఫోనుని కుక్కడానికి చూస్తారు. లిఫ్టులో ఫోను మోగితే తీయరు. కాని వెనక కెమెరా ఎత్తు చూసే ఏ మోడలో పోల్చేస్తారు బాబాయ్. కోప్పడరు. నొచ్చుకున్నట్టు కూడా కనపడరు. ఫోను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఒక నిట్టూర్పు వదిలి, “తీసుకున్నావా… సర్లే. బానే ఉంటుంది,” అంటారు. ‘బానే’ అన్న చోట గొంతు కొంచెం దిగుతుంది. కాసేపాగి మెల్లగా, “వెనక్కి తీసుకునే గడువు ఎన్నాళ్లిచ్చాడు?” అంటారు. ఆ రాత్రి ఎవరికి నిద్రపడుతుంది?

ఇంతమందిని ఆపగలిగిన ఆయన ఇంట్లో పిన్నిగారిని ఆపలేకపోయారు. పోయిన శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం సామాన్ల కోసం బజారుకెళ్లిన ఆవిడ, తమలపాకులూ పసుపు కొమ్ములూ జాకెట్టు ముక్కలతో పాటు ఫోను కూడా సంచీలో వేసుకొచ్చారు. షాపులో ఆవిడ అడిగినవి తక్కువే. నెమలికంఠం రంగు ఉందా, మాట గట్టిగా వినపడుతుందా, రాత్రి పెడితే మర్నాడు రాత్రిదాకా ఛార్జింగు ఉంటుందా. ఉంటుందన్నాడు. పౌచూ, పైన గ్లాసూ ఊరికే వేసిస్తేనే కొంటానని బేరమాడి, వేయించుకుని వచ్చేశారు.

బాబాయ్ ఆ మధ్యాహ్నం అన్నం సగంలో లేచి డైరీ తీశారట. ఆ మోడల్ ఉంది, లోటు గడిలో మూడు వాక్యాలున్నాయి. ఒక్కొక్కటే గట్టిగా చదివి వినిపించారు. పిన్నిగారు తోరాలకి పసుపు రాసుకుంటూ “ఊఁ” కొట్టారు. మరీ ఊరుకోలేక ఆయన ఆ ఫోను తీసుకుని వరండాలో కూర్చుని సాయంత్రందాకా పరీక్షించారు. చివరికి దొరికింది! సెకనుకి 120 సార్లు మారగలిగే తెరని కంపెనీవాడు బ్యాటరీ మిగల్చడానికి 60కి కట్టి పంపాడు. దాన్ని 120 చేసి, చాలా రోజుల తర్వాత నవ్వుమొహంతో లోపలికెళ్లి భార్య చేతికిచ్చారు.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారి గొంతు మా అంతస్తుదాకా వినపడింది. “ఏం చేశారండీ దీన్ని? వేలు పెట్టీపెట్టకముందే జారిపోతోంది! కళ్లు తిరుగుతున్నాయి, మామూలుగా చెయ్యండి.”

ఆయన సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ 60కి తెచ్చిపెట్టారు. తిరిగిచ్చే ముందు మాత్రం, ఆవిడ అటు తిరిగిన సందు చూసి, స్టార్ హాష్ సున్నా ఏడు హాష్ కొట్టి చూసుకున్నారట.