మేదోమాహాత్మ్యము

పుణ్యక్షేత్రములకు మాత్రమే మాహాత్మ్యములు వ్రాసి మన పూర్వులు లోభబుద్ధి చూపిరి కాబోలు. కోవిడ్ కాలమున కొందరు పండితులు మానవుని నడుమును చుట్టుకొనియున్న కొవ్వునకు గూడ నొక మాహాత్మ్యమును వెలయించిరి. దాని ఫలశ్రుతి యిది: ఊబకాయము ఇతరులకు శత్రువే యైనను, రాచపుండుతో, అనగా క్యాన్సరుతో, ఆసుపత్రి మంచమెక్కినవానికి పరమమిత్రమట, మహమ్మారి మీదపడినప్పుడు అడ్డునిలిచి కాపాడునట!

దీనికి మూలమేమని విచారింతుము. 2020 మే నెలలో లాన్సెట్ వైద్యపత్రికలో, అమెరికా, కెనడా, స్పెయిన్ దేశములందు క్యాన్సరుతో పాటు కోవిడ్ కూడ సోకిన 928 మంది వృత్తాంతము వెలువడెను. వారిలో 121 మంది మరణించిరి. వార్ధక్యము, పురుషుడై యుండుట, పూర్వము పొగత్రాగియుండుట, ఇతర వ్యాధుల బాహుళ్యము, క్యాన్సరు చురుకుగా నుండుట మరణముతో ముడిపడి కనబడినవి గాని ఊబకాయము కనబడలేదు. ‘కనబడలేదు’ అను మాట పత్రిక గడప దాటునప్పటికి ‘హాని లేదు’ అయినది. రెండు వీధులు తిరుగునప్పటికి ‘మేలు కలదు’ అయినది. అదే సంవత్సరము ఇంగ్లండులో 1.7 కోట్ల మంది వైద్యలేఖ్యములను పరిశీలించి, బి.ఎం.ఐ. (కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గముచే భాగించిన అంకె) 40 దాటినవారికి కోవిడ్ మరణప్రమాదము ఇంచుమించు రెట్టింపని చెప్పినవారి మాట మాత్రము ఈ వీధులలో నెవ్వరి చెవిని బడలేదు.

ఇక ఆ బి.ఎం.ఐ. మహత్తు చెప్పనలవి కాదు. జనసమూహముల సగటును కనుగొనుటకై 19వ శతాబ్దమున క్వెటెలే యను బెల్జియము ఖగోళవేత్త కల్పించిన లెక్కకు, 1972లో ఆన్సెల్ కీస్ అను అమెరికా శరీరధర్మశాస్త్రవేత్త ఈ పేరు పెట్టెను. అది కండను కొవ్వును వేరుపరుపజాలదు. ఊపిరాడక స్ట్రెచరుమీద వచ్చినవానిని తూనికయంత్ర మెక్కించు తీరిక ఎవరికి? వెంటవచ్చిన బావమరిది ‘ఎనభై ఉంటాడండీ’ అన్నచో కాగితముమీద ఎనభై యగును. ఎక్కించి తూచినను, జలోదరముతో కడుపున నిండిన నీరును, కాళ్ల వాపును, స్టెరాయిడ్లు తెచ్చిన ఉబ్బును కొవ్వు ఖాతాలోనే జమపడును. అటుప్రక్క మంచముమీది బక్కవాడో, నెలల తరబడి క్యాన్సరు కండను తినివేయగా మిగిలినవాడు. వాడు మరణించినచో ఆ పాపము సన్నదనమునకు చుట్టుకొనును. కండ నిలువయున్నవాడు చికిత్సకు తట్టుకొనునన్న మాటలో నిజము లేకపోలేదు గాని, ఆ కీర్తి కొవ్వున కెట్లు దక్కినదో తెలియదు.

ఆసుపత్రి ద్వారమువద్ద జరుగు చమత్కార మొకటి కలదు. ఊబకాయము ప్రమాదకరమని ముందే తెలిసిన వైద్యుడు, లావుపాటివాడు కొలదిపాటి ఆయాసముతో వచ్చినను చేర్చుకొనుటకే మొగ్గును. బక్కవాడు వ్యాధి ముదిరినగాని మంచము సంపాదింపలేడు. లోపలివారిని మాత్రమే లెక్కించి, లావువారే మేలుగా నున్నారని నిర్ణయించుట వంటి పని యెంత ప్రమాదమో గణాంకవేత్త జోసెఫ్ బెర్క్‌సన్ 1946లోనే హెచ్చరించెను.

అసలు ఆ రోగికి రాచపుండు వచ్చుటలోనే కొవ్వునకు పాత్ర యుండవచ్చునని, 13 రకముల క్యాన్సర్లను పేర్కొని, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించినది. ఇంటికి నిప్పు పెట్టినవాడే చెంబెడు నీళ్లు తెచ్చెనని సన్మానపత్రము చదువుట యిదియే. (లావుపాటి రోగిని నిందించుట నా తలంపు కాదు, ఆతనికి చుట్టములు చెప్పు హితవులే చాలును.)

ఆ 928 మంది చరిత్రలోనే, తన పనులు తాను చేసికొనలేక మంచమునకు దగ్గరైనవారిలో మరణములు మిక్కుటమని స్పష్టముగా నున్నది. ‘అయ్యా, మీ పనులు మీరు చేసికొనగలుగుచున్నారా, పగలు మంచముమీద నెంతసేపుందురు?’ అని యడిగిన చాలును, సంగతి తెలియును. ఎత్తును వర్గము చేయు పనియు, దానితో బరువును భాగించు పనియు లేని ఆ ప్రశ్నకు పత్రికలలో శీర్షిక కెక్కు యోగ్యత లేకపోయెను.