టీకి ఆగిన బండికి టీక

ఆ.వె.
ఎండవేళ బండి యిట్టె నిలిపి టీకి,
కొంతసేపు పిదప కొట్ట సెల్ఫు,
నాల్గు నోళ్ళలోన నడుమనొక్కటి మూగ,
వణకు బండి, యేమి వైద్యమయ్య!

ప్రతిపదార్థం: ఎండవేళ = మే నెల మధ్యాహ్నం, బెజవాడ బందరు రోడ్డున; బండి = కవిగారి పెట్రోలు కారు; టీకి = టీ కొరకు ('టీకకు' అని చదివినవారు ఈ వ్యాఖ్యాతకు ఆప్తులు); కొంతసేపు పిదప = పది పదిహేను నిమిషాలకు; నాల్గు నోళ్ళలోన = నాలుగు సిలిండర్లలో; నడుమనొక్కటి మూగ = రెండవది పలుకక; వణకు = మిస్సింగ్ కొట్టును; అయ్య = మెకానిక్కును గూర్చిన సంబోధన, ఆర్తి ధ్వని.

తాత్పర్యం: చల్లని బండి సుఖముగా కదలును. వేడి మీద ఆపి మరల తీసినచో ఒకటి రెండు నిమిషములు కొట్టుకొని, పిమ్మట తనంతట తానే కుదుటపడును.

విశేషాలు: పేలే వరస 1-3-4-2. రెండోది పలకకపోతే ప్రతి పాదంలోనూ చివరి గణం ఎగిరిపోయినట్టే.

పద్యానికి ప్రాణం 'కొంతసేపు' అన్న మాట. అది పాదపూరణమేనని ఇద్దరు మెకానిక్కులు తోసిపుచ్చారు. ఒకాయన బ్యాటరీ మార్చాడు, ఇంకొకాయన ప్లగ్గులు మార్చాడు. ఇద్దరూ బండిని రాత్రంతా షెడ్డులో ఉంచుకుని, పొద్దున్నే స్టార్ట్ చేసి 'బానే ఉంది కదండీ' అన్నవారే. ఇంజన్ ఆగితే వేడి ఆగదు. నీళ్ళ పంపు నిలిచిపోతుంది, ఎదురుగాలి ఉండదు, హెడ్డులోని వేడంతా ఇంజెక్టర్లున్న పెట్రోలు రైలుకు ఎక్కుతుంది. రైలులో ప్రెషరు నిలిస్తే పెట్రోలు పెట్రోలుగానే ఉంటుంది. ఎక్కడైనా కారి ప్రెషరు పడిపోతే మరిగి బుడగలు కడుతుంది.

'మూగ' దగ్గర వివాదం. పెట్రోలు అందక మూగ అని పూర్వపక్షం. అంబాసిడర్ నడిపిన ప్రాచీనులది ఈ మతం. పంపు మీద తడిగుడ్డ వేయడం వారి ఆచారం. ఆ బండికి అది తగిన వైద్యమే. కవిగారి కారులో పంపు ట్యాంకు లోపల మునిగి ఉంది, గుడ్డ ఎక్కడ వేస్తాం?

పెట్రోలు ఎక్కువై మూగ అని సిద్ధాంతం. దీన్ని నిలబెట్టినవాడు మూడో మెకానిక్కు. 'చల్లారనివ్వకుండా తోలుకు రండి సార్' అన్నాడు. రైలుకు గేజీ కట్టి, ఇంజన్ ఆపించి, తనూ టీ చెప్పుకున్నాడు. గ్లాసు సగమయ్యేసరికి ముల్లు జారిపోయింది. చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గులు విప్పితే మూడు లేత గోధుమరంగులో పొడిగా ఉన్నాయి. రెండోది నల్లగా తడిసి పెట్రోలు వాసన కొట్టింది. ఆ ఇంజెక్టరు మూసుకున్నాక కూడా చుక్కలు కారుస్తోంది.

నాలుగు నోళ్ళూ కలిసి తడబడితే మాత్రం ఇంకో దారి చూడాలి. తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, పంపు మోత ఆగాక సెల్ఫు కొట్టండి. శుభ్రంగా అందుకుంటే ప్రెషరు పంపు దగ్గరే వెనక్కి జారుతోందని అనుమానించాలి. అదీ కాకపోతే నీళ్ళ వేడి చెప్పే సెన్సారును చూడాలి. అది వేడి ఇంజన్ను చల్లనిదని చెబితే కంప్యూటర్ నమ్మి పెట్రోలు కుమ్మరిస్తుంది.

మీ బండీ ఇలాగే కొడుతుంటే దాన్ని రాత్రికి షెడ్డులో వదిలి రాకండి. వేడి మీదే తీసుకెళ్ళండి, మెకానిక్కు టీ డబ్బులు మీరే ఇవ్వండి.